ఆగని సిగ్నల్‌ను ఆపిన రెండు మాత్రలు

ఆ శనివారం మధ్యాహ్నం నమాజుకు ముందు కాళ్లు కడుక్కుంటుంటే ఎడమ మడమ మీద నల్లటి మరక కనబడింది. కొత్త బూట్ల రంగు అంటిందనుకున్నాను. సబ్బుతో రుద్దినా పోలేదు. నెల తిరిగేసరికి అది చిక్కుడు గింజంత అయింది, అంచులు వంకరపోయాయి.

మాది కర్నూలు. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తాను. స్కిన్ క్యాన్సర్ తెల్లవాళ్లకే వస్తుందని నా ధైర్యం. నా భర్త రఫీ ఆ ధైర్యాన్ని ఒప్పుకోలేదు. చర్మ డాక్టర్ దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, మూడు నెలల తర్వాతే ఉందంటే, ఫ్యామిలీ డాక్టర్‌తో అర్జెంట్ అని రాయించాడు. వారంలో బయాప్సీ చేశారు.

“మెలనోమా, ఒక రకం స్కిన్ క్యాన్సర్,” అంది డాక్టరమ్మ. “మీలాంటి చర్మం ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుంది.”

మడమ మీది మచ్చ కోసి, తొడ చర్మం తీసి అతికారు. గజ్జల్లోని లింఫ్ నోడ్‌లో కూడా క్యాన్సర్ కణాలు దొరికాయి. స్టేజ్ త్రీ. ఏడేళ్ల మా ఆయిషా కట్టు చూసి, “మామా, టూట్స్ వే?” అని జర్మన్‌లో అడిగింది, అమ్మా నొప్పిగా ఉందా అని. లేదని అబద్ధం చెప్పాను.

తర్వాత జీన్ టెస్ట్ రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద బాణాలు గీసి చెప్పింది.

“బయటి నుంచి కబురొస్తేనే కణం పెరగాలి. కణం లోపల ఆ కబురును బీరాఫ్ అనే ప్రోటీన్ మెక్ అనే ఇంకో ప్రోటీన్‌కు ఇస్తుంది, మెక్ ఎర్క్‌కు ఇస్తుంది. మీ క్యాన్సర్ గడ్డలో బీరాఫ్ జీన్ మారిపోయింది. కబురు రాకపోయినా పెరగమనే చెబుతోంది. ఒంట్లో ఎక్కడైనా ఆ కణాలు మిగిలుంటే పెరగకుండా మన దగ్గర రెండు మాత్రలున్నాయి, ఏడాది వేసుకోవాలి. ఒకటి బీరాఫ్‌ను ఆపుతుంది, ఇంకొకటి మెక్‌ను.”

“మా పాపకు కూడా వస్తుందా?”

“ఈ మార్పు మీకు పుట్టుకతో రాలేదు. ఆ గడ్డలోనే వచ్చింది. పాపకు అందదు.”

జబ్బు పేరు విన్నాక మొదటిసారి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను.

మాత్రలు మొదలుపెట్టిన ఆరో వారంలో చలిజ్వరం పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు రఫీ నా చెయ్యి పట్టుకుని చూశాడు.

“ఎన్ని దినాల నుంచి?”

“నాలుగు. చెప్తే మందు నిలిపేస్తారని…”

“నిలపనీ. నువ్వే పడిపోతే ఆ మందుతో మనకేం పని?”

హాస్పిటల్లో ఇన్ఫెక్షన్ లేదని పరీక్షలు చేసి తేల్చుకున్నాక డాక్టరమ్మ అంది, “ఇది మాత్రల జ్వరమే. తగ్గేదాకా ఆపి మళ్లీ మొదలుపెడతాం. ఈసారి మొదటి రోజే ఫోన్ చేయండి.” ఇంకో రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండుసార్లూ వెంటనే చేశాను. ఏడాది కోర్సు పూర్తిచేశాను.

అది ముగిసి ఇప్పటికి మూడేళ్లు. మొన్నటి స్కాన్ కూడా క్లీన్. పోయిన వేసవిలో ఇక్కడికి దగ్గర్లోని హార్జ్ కొండలెక్కాను. సగం దారిలో అలిసిపోయింది ఆయిషా, నేను కాదు.

మీకుగానీ మీవాళ్లకుగానీ మెలనోమా అని తేలితే, బయాప్సీ ముక్కకు జీన్ టెస్ట్ చేశారా, ఏం వచ్చింది అని డాక్టర్‌ను అడగండి. ఆ రిపోర్టు కాపీ మీ దగ్గరే ఉంచుకోండి. ఏ మందు పనికొస్తుందో చాలావరకు అందులోనే తెలుస్తుంది.