విడిగా పెట్టిన చాప

మా అత్తగారింట్లో వెనక వసారాలో ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు విడిగా ఉండేవి. నెలసరి వచ్చిన ఆడవాళ్లు మూడు రోజులు అక్కడే కూర్చోవాలి. నరసరావుపేటలో కొట్టు పెట్టుకుని బతికే మాలాంటి ఇళ్లల్లో ఈ పద్ధతి ఇంకా పోలేదు. ఏ కోడలైనా ఆ చాపని తిట్టుకుంటుంది. నేను మాత్రం దాని మీద కూర్చునే రోజు రావాలని మొక్కుకునేదాన్ని.

నాకు నెలసరి సరిగ్గా రాదు. పెళ్లికి ముందే డాక్టరమ్మ స్కానింగ్ తీయించి, అండాశయాల్లో నీటి బుడగలున్నాయి, పీసీఓడీ అంది. బరువు తగ్గమంది. మెట్లు దిగుతూ మా అమ్మ, "ఈ ముక్క ఎవరి దగ్గరా అనమాక" అంది. గడ్డం మీద మొలిచే వెంట్రుకలకి మాత్రం అమ్మ దగ్గర కూడా ఉపాయం లేదు. పెళ్లిలో అందరూ నాన్న పోలికని మురిసిపోయారు. గడ్డం కూడా నాన్నదేనని వాళ్లకేం తెలుసు! రోజూ అందరికన్నా ముందు లేచి, బాత్రూం గడియ పెట్టుకుని, ప్లక్కర్‌తో ఒక్కొక్కటే పీక్కునేదాన్ని. ఆ మొహానికి పసుపు రాసుకుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసేది.

కాపురానికొచ్చిన కొత్తలో రెండు నెలలు చాప జోలికి పోలేదు. అత్తయ్య ఇంకోలా అనుకుంది. నన్ను బిందె ఎత్తనివ్వలేదు. అడక్కముందే చింతకాయ పచ్చడి కలిపి పెట్టింది. పక్కింటి పిన్నిగారి చెవిన కూడా వేసింది. అత్తయ్య సంతోషం చూసి, నాకు ఎప్పుడూ ఇంతేనన్న సంగతి దాచేశాను. పరీక్షలో ఏమీ లేదని తేలాక నా మొహం చూడకుండా అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేది.

ఆ పై నెల ఏమీ రాకుండానే వెళ్లి చాప పరుచుకున్నాను.

ఇక ప్రతి నెలా అదే నాటకం. వాడని ప్యాడ్లు కాగితంలో చుట్టి పారేసేదాన్ని. నడుం పట్టుకుని మూలిగేదాన్ని. మా ఆయన కొట్టు మూసి వచ్చి, గదిలో ఒక్కడే పడుకునేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. అత్తయ్య దూరం నుంచే చెంబులో మజ్జిగ పోస్తూ, "చానా నొప్పిగా ఉందా అమ్మాయ్?" అనేది. ఆ మాటకి ప్రాణం లేచొచ్చేది. ఆ ఇంట్లో నేను అందరిలాంటి ఆడదాన్ని అయింది ఆ మూడు రోజులే.

మొన్న శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి అడ్డు రాకూడదని ముందు వారమే చాప ఎక్కి దిగాను. వ్రతం రోజు పొద్దున తలంటుకుని చీర కట్టుకోబోతుంటే నిజంగా వచ్చింది. ఎన్నో నెలల తర్వాత. బాత్రూం నేల మీద కూలబడి సంతోషంతో ఏడ్చాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. అది విని సంతోషించే మనిషి అత్తయ్య ఒక్కతే, ఆవిడకే చెప్పకూడదు. వారం తిరక్కుండా మళ్లీ ఏందని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ అంతా బయటపడుతుంది.

కళ్లు తుడుచుకుని కలశం ముందు కూర్చున్నాను. అమ్మవారి వైపు చూడటానికి భయమేసింది. తోరం కట్టించుకున్నాను. పేరంటాళ్ల కాళ్లకి పసుపు రాసి, శనగలు, తాంబూలం ఇచ్చాను. కడుపులో మెలిపెడుతున్నా మూలగడానికి లేదు. లేని నొప్పికి ఎంత మూలిగానో ఆ చాప మీద!

అందరూ వెళ్లాక అత్తయ్య నాకు బొట్టు పెట్టి, ముద్దుగా గడ్డం పట్టుకుంది. పొద్దుటి హడావిడిలో పీక్కోలేదు నేను. ఆవిడ వేళ్లు అక్కడ ఆగిపోయాయి. ఒకసారి వెనక్కీ ముందుకీ తడిమి చూసింది. తర్వాత చెయ్యి తీసుకుని కొంగుకి తుడుచుకుంది.

అత్తయ్యా, నాకొచ్చింది, ఈసారి నిజంగా వచ్చింది అని నోటిదాకా వచ్చింది. ఆ మాట చెప్పి కూర్చోవాల్సిన చాప, వారం కిందటే ఉతికి ఆరేసి చుట్టేశాను.