గుడ్డపీలిక కట్టిన బీరకాయ

నా చిన్నప్పుడు అరోరాలో మా ఇంటి వెనక ఒక బీరపాదు ఉండేది. మా అమ్మమ్మ ఇండియా నుంచి మమ్మల్ని చూడటానికి వస్తూ తన పెరటి గింజలు నాలుగు తెచ్చి వేస్తే, బతికి బట్టకట్టింది ఆ ఒక్క పాదే. కాయలు పొట్టిగా, కాస్త తియ్యగా ఉండేవి.

అప్పుడు బడిలో, ఓడల్లో ఈ దేశానికి వచ్చి మొదటి ఊళ్ళు కట్టుకున్న తెల్లవాళ్ళ రోజులు ఎలా గడిచేవో చెబుతున్నారు. పిల్లలు నీళ్ళు మోసేవారట, కట్టెలు ఏరేవారట. మొదటి చలికాలం ఆకలికి చాలామంది పోయారట. అయినా విత్తనాల మూట మాత్రం ముట్టుకోలేదట. దాన్ని ఇంట్లో ఉంచుకుని పస్తులుండటమేమిటో నా బుర్రకెక్కలేదు.

"సీడ్స్ ఉన్నాయి కదా అమ్మమ్మా, అవే తినేయొచ్చు కదా?" అని అడిగాను.

అమ్మమ్మ లేచింది. నన్ను పాదు దగ్గరికి తీసుకెళ్ళి, అన్నిటికన్నా నదురుగా ఉన్న కాయకి పాత చీర పీలిక కట్టింది.

"దీనికి కాపలా నువ్వే. నోరూరినా కొయ్యకూడదు. ఎండి గలగలలాడితేనే వచ్చే ఏడు మనకి పాదు."

బీరకాయ పచ్చడంటే నాకు ప్రాణమని ఆవిడకి తెలుసు. అదే ఆవిడ ఎత్తు. మిగతా కాయలన్నీ అయిపోయాయి. రోజూ స్కూల్ బస్ దిగగానే వెళ్ళి దాన్ని చూసి, గుటకలు మింగి వచ్చేదాన్ని. ఆ మూట పక్కన కూర్చున్న పిల్లల సంగతి నాకు అక్కడే తెలిసింది. ఎండాక ఆ కాయని క్లాసులో చూపించాలని కూడా అనుకున్నాను.

మా అమ్మమ్మ అల్లుడితో ఎదురుపడి మాట్లాడేది కాదు. మా నాన్న హాల్లోకి వస్తే తను వంటింట్లోకి తప్పుకునేది. అది వాళ్ళ మర్యాద. ఏ కబురైనా అమ్మో నేనో చేరవెయ్యాలి. ఈ కాయ కబురు మాత్రం ఎవరం చేరవెయ్యలేదు. పీలిక చూస్తే గింజకి వదిలారని ఎవరికైనా తెలుస్తుందనే అందరం అనుకున్నాం. మా నాన్నేమో పట్నంలో పెరిగిన మనిషి.

ఒక సాయంత్రం మంచు పడుతుందని టీవీలో చెప్పారు. పాదు మీద కప్పడానికి నేనూ అమ్మమ్మా మేడ మీద దుప్పటి వెతుకుతున్నాం. అంతలో నాన్న ఆఫీసు నుంచి వచ్చి, అత్తగారి పాదులో ఆఖరి కాయ పాడైపోతుందని ఆత్రంగా కోసి తెచ్చారు. అమ్మ తరిగింది. లోపల గింజలు ఇంకా తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

నేను ఏడుస్తూ చెబితే నాన్న ముఖం వాడిపోయింది.  వంటింటి తలుపు చాటు నుంచి అమ్మమ్మ నన్ను పిలిచింది.

"నాన్నకి చెప్పమ్మా, పచ్చడికి కాయ బాగా లేతగా ఉందని."

ఆ పూట మేమెవరం పచ్చడి ముట్టలేదు. నాన్న మాత్రం విస్తరి నాకినట్టు కంచం ఖాళీ చేశారు.

మళ్ళీ గింజలు పంపిస్తానని అమ్మమ్మ వెళ్ళింది. ఆ చలికాలంలోనే పోయింది. అక్కడ ఆవిడ పెరట్లో కూడా ఆ పాదుని ఎవరూ నిలబెట్టలేదు. ఇండియన్ స్టోర్లో దొరికే గింజలన్నీ వేసి చూశాను. ఆ రుచి రాలేదు. నాకిప్పటికీ బాధే.

ఇప్పుడు ఫ్రిస్కోలో మా అమ్మాయి పెరట్లో గింజకి వదిలిన కాయకి నేనే పీలిక కడతాను. కట్టి, తిన్నగా హాల్లోకి వెళ్ళి, అల్లుడికి ఎదురుగా కూర్చుని, దాన్ని కొయ్యొద్దని నా నోటితో చెబుతాను.