చిక్కు జుట్టు ఉండతో చేసిన పరీక్ష

కోవిడ్‌కు ముందు ఏడాది, మాఘమాసంలో, అద్దంకిలోని ఒక బ్యూటీ పార్లర్‌కు సీనియర్ బ్యూటీషియన్‌గా వెళ్ళాను. అంతకు ముందు చాలా ఏళ్ళు గుంటూరులో ఇదే పని. మా వృత్తిలో సీనియర్ అంటే ఫేషియల్స్ జూనియర్లకు వదిలేసి, ఇంట్లో రంగు వేసుకుని పాడుచేసుకున్న తలలను బాగుచేసే మనిషి. ఎంత పాడైన తలైనా నా చేతిలో దారికొస్తుందని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నపూర్ణగారు వచ్చారు. అర్చకులుగారి భార్య, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆదివారం కూతురి పెళ్ళి, కన్యాదానానికి పీటల మీద కూర్చోవాలి. కొంగు తీస్తే పాపిడి దగ్గర నారింజ రంగు, కిందికి వచ్చేకొద్దీ నలుపూ కాని ఆకుపచ్చా కాని రంగు. నడుం దాటిన జడ. ఆ రంగంతా తీసేసి గోధుమరంగు వేయమన్నారు. ఏం వాడారని అడిగితే, ఇనప మూకుడులో టీ డికాక్షన్ పోసి నానబెట్టిన గోరింటాకు తప్ప ఇంకేమీ తగల్లేదన్నారు.

రంగు తీయాలంటే పెరాక్సైడ్ మిశ్రమం పెట్టాలి. అచ్చమైన గోరింటాకుకు దానితో పేచీ లేదు. కానీ బజార్లో దొరికే కొన్ని నల్లపొడుల్లో లోహపు లవణాలుంటాయి. వాటికి పెరాక్సైడ్ తగిలితే జుట్టు వేడెక్కి తెగిపోతుంది. అందుకే మెడ వెనక నాలుగు వెంట్రుకలు కత్తిరించి ముందు గిన్నెలో వేసి చూడటం నియమం. కత్తెర చూడగానే ఆవిడ మెడకు చెయ్యి అడ్డం పెట్టారు. శుక్రవారం, పైగా పెళ్ళివారిల్లు. సవరం కట్టించడానికి తెచ్చిన చిక్కు జుట్టు ఉండ చేతిసంచిలో ఉందని, అందులోంచి తీసుకోమని ఇచ్చారు. అదీ ఆవిడ జుట్టే కదా అని తీసుకున్నాను.

గిన్నెలో మిశ్రమం కలిపి అందులో వేశాను. అరగంట ఆగాలి. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. బయట మిరపకాయల బస్తాలు, టిక్కీలంటారు, ఎత్తుకుని ట్రాక్టర్లు పోతుంటే ఎర్రటి దుమ్ము ఎండలో తేలుతోంది. ఆ ఘాటుకు ఇద్దరం తుమ్మి, మళ్ళీ మగతలో పడ్డాం. ఆవిడ కళ్ళు మూసుకుని పెళ్ళి పాటేదో లోలోపల పాడుకుంటున్నారు. గిన్నెలో వెంట్రుకలు నిదానంగా తేనెరంగుకు వచ్చాయి. వేడి లేదు, నురగ లేదు.

కొత్తగా మిశ్రమం కలిపి పాయలు తీస్తున్నాను. దువ్వెనకు చుట్టుకున్న చిక్కు జారి గిన్నెలో పడింది. తీసేలోపే దాని చుట్టూ బుడగలు లేచాయి. గిన్నె పట్టుకున్న అరచేతికి వెచ్చగా తగిలింది. పుల్లతో ఎత్తితే జుట్టు ముద్దలా సాగి తెగిపోయింది. ఎవరో కుదిపి నిద్రలేపినట్టయింది. భయం, దాని వెనకే కోపం. గిన్నె ఆవిడకు చూపించాను.

ఆవిడ అద్దంలోకి చూస్తూ, "బుధవారం నల్లపొడి ప్యాకెట్ వేశానండి. అయ్యగారి భార్య రంగేసుకుంటోందని నలుగురూ అనుకుంటారని చెప్పలేదు" అన్నారు. ఉండలోని జుట్టు ఆ బుధవారానికి ముందు రాలింది. అది ఎప్పటిదని నేను అడగలేదు.

పెరాక్సైడ్ పారబోశాను. ఆ పొడి తగిలిన జుట్టంతా పోయి కొత్తది వచ్చేదాకా ఆకుపొడులే దిక్కని చెప్పాను. గోరువెచ్చని కొబ్బరినూనె గంటసేపు పట్టించి, తేలికపాటి షాంపూతో కడిగాను. అచ్చమైన గోరింటాకు ముద్ద మూడు గంటలు. కడుగుతుంటే బేసిన్‌లో ఎర్రనీళ్ళు సుడి తిరుగుతూ పోయాయి, చూస్తూ ఉండిపోయాను. తర్వాత నీలిమందు ఆకు పొడి, చిటికెడు ఉప్పు వేసి, గంట. దాని రంగు ముదరడానికి రెండు రోజులు పడుతుంది. పెళ్ళినాటి తలస్నానానికి కుంకుడు రసం వద్దు, ఒట్టి నీళ్ళే పోసుకోమన్నాను.

ఆదివారం పెళ్ళికి వెళ్ళాను. పూలజడ కింద జుట్టు ముదురు గోధుమరంగులో ఉంది. ఆవిడకు వరసకు వదినె అయ్యే ఒకావిడ పీటల పక్కకు వంగి, "నీ తలకు గోరింటాకు భలే పండిందే" అంది. అన్నపూర్ణగారు నా వైపు చూసి తల దించుకున్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరేం చెప్పినా, ఏ వారమైనా, నా కళ్ళ ముందు దువ్వెనలో రాలిన జుట్టుతోనే పరీక్ష చేశాను.