గుండె మీద కూర్చున్న మగ్గం

పాలమూరు దవాఖానలో డాక్టరు చెప్పిన మాటను నేను చాలా నెలలు ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఉంటే నా భార్య మీద అంత నింద పడేది కాదు.

నకిరేకల్ దగ్గర పెట్రోలు బంకులో నాది రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి, కడుపునిండా తిని, నా భార్య నేసే మగ్గం పక్కనే వెల్లకిలా పడుకునేవాణ్ని. ఒకరోజు మెలకువ వచ్చింది కానీ ఒళ్లు కదల్లేదు. నోరు పెగల్లేదు. గుండె మీద ఎవరో బాసింపట్టు వేసుకుని తీరిగ్గా కూర్చున్నట్టుంది. కాసేపటికి అదే దిగిపోయింది.

సంగతి అమ్మకు చెబితే ఆమె నా భార్య వైపు తిరిగింది.

"మొన్న అమాసనాడు నేసినవా?"

మా నేతోళ్ల ఇళ్లలో అమావాస్యనాడు మగ్గం ఆడదు. పెళ్లివాళ్ల చీర ఆలస్యమవుతోందని ఈమె ఆ రోజు కాస్త నేసింది.

"జానెడే నేసిన అత్తమ్మా."

"గా జానెడే వచ్చి వాని మీద కూసున్నది."

ఆనాటి నుంచి నా తలగడ కింద కొడవలి, కాళ్ల దగ్గర చీపురు. అయినా అది రావడం మానలేదు.

పాలమూరులో అక్క ఇంటికి పోయినప్పుడు ఎవరికీ చెప్పకుండా దవాఖానకు వెళ్లాను. డాక్టరు నవ్వాడు. "మెదడు లేస్తది, ఒళ్లు ఇంకా లేవదు. గంతే. నిద్ర సరిగ్గ పో. బాగ తిని వెల్లకిల పండకు."

దయ్యం పట్టినవాడినని వాడకట్టంతా నన్ను చూడటానికి వస్తోంది. బలానికని అమ్మ నాటుకోడి పులుసు పోస్తోంది. తిండి ఎక్కువైందని ఏ మొహంతో చెప్పను? నోరు మూసుకున్నాను. నా భార్య మాత్రం అమావాస్యకు ముందురోజు, తర్వాతిరోజు కూడా నేయడం మానేసింది. అయినా అమ్మ సణుగుడు ఆగలేదు.

తర్వాత అక్క ఇంట్లో దావతు. మాంసం తిని పడుకున్నాను, మళ్లీ అదే బరువు. అక్కడ మగ్గం లేదు కదా, ఇప్పుడైనా అమ్మకు అర్థమవుతుంది అనుకున్నాను.

"మగ్గం బస్సెక్కి ఎంబడి వచ్చింది," అంది అమ్మ.

ఇంటికొచ్చిన మర్నాడే మగ్గం విప్పేయడానికి వడ్రంగి పనిచేసే వడ్లాయనను పిలిపించింది. నా భార్య మగ్గం గుంతలో కూర్చుని, సగం నేసిన చీర మీద రెండు చేతులూ పెట్టింది. అది చూశాక నా నోరు పెగిలింది.

"అమ్మా, తప్పు మగ్గానిది కాదు. నేను బాగ తిని వెల్లకిల పండుకునుడుతోని గిట్లయితాంది. డాక్టరు ఎప్పుడో చెప్పిండు."

అమ్మ నా వైపు తిరిగింది. "మరి గన్ని కోళ్లు ఎట్ల తిన్నవ్‌రా?"

వడ్లాయన తల వంచుకుని నవ్వుకున్నాడు.

"గట్లయితే గా కొడవలి ఇయ్యి," అంది నా భార్య గుంతలోంచి. "నీ తలకాయ కింద పెట్టినకాడి నుంచి మేకలకు గడ్డి కొయ్యనీకె పక్కింటోళ్లది అడుక్కుంటున్న."

కొడవలి తెచ్చి ఆమె చేతికిచ్చాను. అమ్మ ముందు, వడ్లాయన ముందు గుంత అంచున కూర్చున్నాను.

"నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను. "అందరు నిన్ను ఆడిపోసుకుంటుంటే, నేను పులుసు తాగుకుంట ఊకున్న."