వేడి దీపం జరిపిన రోజు

నా చిన్నప్పుడు, ఐదో తరగతిలో ఉండగా, బోయిగూడలో మేమున్న ఇంటి మెట్ల మీంచి జారిపడి కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. నెల తర్వాత కట్టు విప్పితే చెయ్యి సగం వంగి బిగుసుకుపోయి ఉంది. అన్నం కలుపుకోవడమే కష్టమైంది. నా ఏడుపు మాత్రం త్రోబాల్ జట్టు గురించే. బడి పోటీలు దగ్గరపడుతున్నాయి.

రోజూ బడి వదలగానే, టీచరైన మా అమ్మ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లేది. ఫిజియోథెరపీ గదిలో ఒక అక్క ఉండేది. చక్రాల స్టాండుకున్న పెద్ద దీపాన్ని నా చేతికి మూరెడు దూరంలో నిలిపి, పావుగంట వేడి పట్టించేది. కండ కాస్త వదులయ్యాక నా చేతనే మెల్లగా చాపించేది. రెండు వారాలైనా వేలెడు తేడా రాలేదు. పక్క బల్ల మీద ఒక పెద్దాయన భుజానికి అల్ట్రాసౌండ్ అనే శబ్ద తరంగాల యంత్రం పెట్టేవారు. చెవి రిక్కించి విన్నా చప్పుడే లేదు. ఇదంతా ఉత్త మోసమని మండిపోయేదాన్ని.

"తొందరపడకు బిడ్డా, చెయ్యి జెరంత జెరంత సాగుతది" అనేది అక్క. ఆ మాట వింటే ఇంకా ఒళ్లు మండేది.

ఒకరోజు ఆ పెద్దాయన పిలిస్తే అక్క అటు వెళ్లింది. అమ్మ బయట బెంచీ మీద ఉంది. వేడి ఎక్కువ తగిలితే త్వరగా నయమవుతుందనుకుని ఎడమచేత్తో దీపాన్ని దగ్గరికి లాక్కున్నాను. చురుక్కుమన్నా పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాను. అక్క తిరిగొచ్చేసరికి చర్మం కంది, రెండుచోట్ల బొబ్బలెక్కింది.

పెద్ద డాక్టరు వచ్చి, గదినిండా ఉన్న రోగుల ముందే ఆమెను కడిగేశారు. అక్క స్టాండు వైపు చూసింది, నా వైపు చూసింది. "తప్పు నాదే సార్, పిల్లను ఒక్కదాన్నే ఇడిచి పోయిన" అంది. నేను నోరు విప్పలేదు.

ఆయన వెళ్లాక వెక్కివెక్కి ఏడ్చాను. "నేనే జరిపానక్కా."

"నాకెరుకే. కాలితే చెప్పాలె బిడ్డా, ఓర్చుకోవద్దు. ఓర్చుకుంటే నయమైతదా?" అంటూ మందు రాసింది. డాక్టరుతో చెప్పమని ఒక్కమాట అనలేదు.

బొబ్బలు మానేదాకా దీపం ఆపేశారు. ఈలోగా పోటీలు అయిపోయాయి. మళ్లీ వైద్యం మొదలైన రోజున ధైర్యం కూడగట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లి నిజం చెప్పాను. ఆయన కాగితాల మీంచి తలెత్తి, "ఏ దీపం? ఎప్పుడు?" అన్నారు. ఆయనకు గుర్తే లేదు.

కొన్ని నెలలకు చెయ్యి చాలావరకు సాగింది. ఆ రోజు తలుచుకుంటే మాత్రం నా మీద నాకే ఇప్పటికీ విసుగు. ఆమెను తిట్టినప్పుడు గదంతా విన్నది. నేను ఒప్పుకున్నప్పుడు విన్నది ఒకే ఒక్కరు, అదీ మరిచిపోయిన మనిషి.

తర్వాత అమ్మలాగే నేనూ టీచరునయ్యాను. పొరపాటున ఏ పిల్లనైనా కోప్పడితే స్టాఫ్ రూముకి పిలిచి సముదాయించేదాన్ని కాదు. ఆ క్లాసులోనే, ఆ పిల్లలంతా వింటుండగానే, తప్పు నాదని చెప్పేదాన్ని.