బస్సులో మేస్టారి ఇంగ్లీషు

మా ఇంగ్లీషు మేస్టారు పోయారని మొన్న పొద్దున్నే మా ఊరు మందస నుంచి ఫోనొచ్చింది. మేస్టారి పక్కింటాయన చేశాడు. “మేస్టారు ఎక్స్‌పైర్ అయిపోనారమ్మా” అన్నాడు. మేస్టారు వింటే ఊరుకునేవారా? “మందులు ఎక్స్‌పైర్ అవుతాయి నాయినా, మనుసులు సచ్చిపోతారు” అని దిద్దేవారు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశాను.

తొంభైల చివర్లో ఆయన దగ్గర చదువుకున్నాను. మా అమ్మ జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్లేది. అక్కడ విరగని గుండు పప్పు ఒకవైపు, విడిపోయిన బద్ద ఇంకోవైపు ఏరతారు. మేస్టారు మా వాక్యాల్నీ అలాగే ఏరేవారు. ‘ఐ’ పక్కన ‘షల్’ రాస్తే గుండు, ‘విల్’ రాస్తే బద్ద. ఒకసారి ఇంగ్లీషు పేపరు పట్టుకెళ్లి చూపించాను.

“పేపరోళ్లు కూడా విల్ అనే రాత్తన్నారు మేస్టారూ.”

“ఆళ్లు నా దగ్గర సదువుకోలేదు కదమ్మా.”

అక్కడితో ఆ రోజు వాదన సరి. మర్నాడు మళ్లీ మొదలు. ఆ వాదనలంటే నాకు ప్రాణం.

డిగ్రీ అయ్యాక పలాసలో ఒక ఇంగ్లీషు మీడియం బడికి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఏ వాక్యం నోటిదాకా వచ్చినా ఇది బద్దేమోనని మింగేశాను. ఉద్యోగం రాలేదు. నా ఏడుపు చూసి అమ్మ తిన్నగా మేస్టారింటికి నడిచింది, వెనకే నేను.

“బద్దయితే మాత్రం పప్పు సేదైపోద్దేటండీ? మా పిల్ల బయంతో నోరే మూసీసుకుంది.”

మేస్టారు అమ్మని కూర్చోమన్నారు. తర్వాత నన్నడిగారు, “మళ్లీ ఇంటర్వ్యూ ఎప్పుడు?”

“సోమవారం, ఇంకో బడిలోనండి.”

“నేనూ వత్తాను.”

ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ పాఠాలు చెప్పుకునే బతుకుతున్నాను. ‘షల్’ విషయంలో మాత్రం ఆయన చివరిదాకా తగ్గలేదు. అయినా మేస్టారనగానే నాకు గుర్తొచ్చేది ఆ సోమవారం నాటి పలాస బస్సే.

బస్సు కదలగానే ఆయన గొంతెత్తి, “యెస్టర్‌డే ఐ గోయింగ్ మార్కెట్” అన్నారు. నాకు మతిపోయింది. మెల్లగా దిద్దాను. ఆయన ఒప్పుకోలేదు. “నో, ఎవ్రీబడీ సేయింగ్ గోయింగ్” అని వాదనకు దిగారు. నాకు పౌరుషం వచ్చింది. గుండో బద్దో చూసుకోకుండా ఇంగ్లీషులోనే దెబ్బలాడాను. బస్సంతా మావైపు తిరిగింది.

ఎండుచేపల గంపతో కూర్చున్న బారువ ఊరి అవ్వ జాలిగా అడిగింది, “పాపం, మేస్టారికి ఇంగ్లీసు రాదేటి?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా నవ్వుతూ తలాడించారు.

“రాదమ్మా. ఈ పిల్ల నేర్పుతంది.”