సార్ చేతిలోని కందిరీగ

సార్ పోయారని ఆదివారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేశారు. "చర్చికి తయారై కుర్చీల కూసున్నరు తమ్మీ, గట్లనే పోయిన్రు" అన్నారు. ఫోన్ పెట్టేశాక కూడా నమ్మకం కలగక, మళ్లీ నేనే చేసి అడిగాను. నేను బోనకల్ నుంచి బూర్గంపాడు చేరేసరికి సమాధి అయిపోయింది. పైన మట్టి ఇంకా తడిగా ఉంది.

సార్ అంటున్నాను గానీ ఆయన నాకు చదువు చెప్పలేదు. ఆయన భద్రాచలంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేవారు, నేను ఫారెస్ట్ గార్డుని. మా పరిచయం నేను ఆయన్ని పట్టుకోవడంతో మొదలైంది.

రెండువేల మూడో, నాలుగో. తొలి వానలు పడ్డాయి. ఆ రోజుల్లో అడవిలో కొత్త మనిషి కనబడితే ఊళ్లవాళ్లకు అనుమానం, పోలీసులకు అనుమానం, మాకు అందరికన్నా ఎక్కువ. వాగు పక్కన ఒక పెద్దమనిషి చెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పొద చాటు నుంచి గంటసేపు చూశాను. ఏదో రాసుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, చిన్న ప్లాస్టిక్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఏం దాస్తున్నవ్?"

"కాలేజీల లెక్చరర్‌ని. పురుగులు పడ్తున్న."

"కాగితమేది?"

"పర్మిషన్ ఉంది. ఇంటికాడ మర్చిపోయిన."

ఇంటికాడ మర్చిపోయిన కాగితాల సంగతి నేను చాలా విని ఉన్నాను. డబ్బా తెరిస్తే దూది మీద నాలుగు చచ్చిన కందిరీగలు.

"కందిరీగల కోసం ఇంత దూరమొస్తరా ఎవరన్న?"

"కందిరీగ కాదది, చిమ్మట. పగటిపూట తిరిగే రకం. కందిరీగ లెక్క కనబడ్తది గంతే." పక్కనున్న చేతివలలో ప్రాణంతో ఉన్నదాన్ని వట్టి చేత్తో తీసి నా ముందు పెట్టారు. "పట్టుకో, కుట్టదు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నన్ను కుట్టించి పారిపోయే ఎత్తు అనుకున్నాను.

డబ్బా చెక్‌పోస్టులో ఉంచుకుని, కాగితం తెచ్చి తీసుకెళ్లమన్నాను. "తెరవకు. చీమలు పడ్తయి. అందుల మగది ఒక్కటే ఉంది" అని బతిమాలారు. తెరవొద్దన్నాడంటేనే లోపల ఏదో ఉందని నాకు తోచింది. ఆయన అటు వెళ్లగానే దూది ఎత్తి అడుగు దాకా వెతికాను. ఏమీ లేదు. మూత మాత్రం సరిగా బిగించలేదు.

మర్నాడు మధ్యాహ్నం సార్ కాగితం తెచ్చారు. సంతకం, ముద్ర అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డబ్బాలో రెక్కల ముక్కలు, నల్లచీమల బారు ఉన్నాయి.

తిడతారనుకున్నాను. ఆయన బెంచీ మీద కూర్చుని డబ్బాలోంచి చీమల్ని దులిపారు. "మగదాన్ని చూడకుంట ఇది కొత్త జాతో పాత జాతో తేల్చలేం. మూడేండ్లు తిరిగితే ఒక్కటి దొరికింది" అన్నారు. తిట్టినా బాగుండేది.

"నేను వెతికి పెడ్త సార్" అన్నాను. అంతకుముందు రోజు నేను ఆయన్ని చూసినట్టే ఆయన నన్ను చూశారు.

అయినా నేర్పారు. కందిరీగకు నడుము సన్నగా ఉంటుంది, దీనికి ఉండదు. రెక్కలు అద్దంలా కనిపిస్తాయి గానీ అంచుల మీద పొడి వేలికి అంటుతుంది. మరుసటి వానలకు నేను ఏది పట్టుకెళ్లినా ఏ చెట్టు మీద, ఎన్ని గంటలకు అని అడిగేవారు. వారం తర్వాత మళ్లీ అదే అడిగేవారు, మాట మారుతుందేమోనని. నాకు మనసులో కష్టంగా ఉండేది. కానీ ఏ ముఖంతో అడ్డం చెప్పను?

ఒక మిట్టమధ్యాహ్నం వాగు దగ్గరే నాకొకటి దొరికింది. సార్ భూతద్దంతో చాలాసేపు చూసి "అవ్, మగదే" అన్నారు.

"కొత్తదేనా సార్?"

"కొత్తదనే మాట ఆఖరుకు అనాలె. ముందుగాల పాతదేమోనని అనుమానపడాలె."

నాలుగేళ్లు అనుమానపడ్డారు. దూరపు మ్యూజియాలకు ఉత్తరాలు రాశారు, పాత జాతుల వర్ణనలు తెప్పించి ఒక్కొక్క గీతా పోల్చారు. చివరికి కొత్తదేనని తేలి, ఆయన రాసిన వర్ణన ఒక పత్రికలో అచ్చయింది. మా అమ్మాయి చదువుతూ, మగదాన్ని పట్టింది నువ్వేనని రాసి ఉంది నాన్నా అంది. అదే పేరున్న మరొకరేమో అన్నాను. "ఇంటిపేరు గూడ నీదే గదా" అంది. అయినా బస్సెక్కి వెళ్లి సార్‌నే అడిగాను.

"నువ్వు పట్టినవ్, నీ పేరు రాసిన. చీమల సంగతి రాయలె" అని నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత ఆయనకు చూపు తగ్గింది. కిందటి వానాకాలం వెళ్లినప్పుడు కిటికీ పక్కన, చిమ్మటను పెట్టిన మైక్రోస్కోప్ ముందు నన్ను కూర్చోబెట్టి, కాగితం, పెన్ను తీసుకున్నారు.

"మీసాల కొసలు ఏ రంగు?"

"పసుపు సార్."

"చూసి చెప్తున్నవా? నేను వింటె సంతోషపడ్తనని చెప్తున్నవా?"

మళ్లీ చూశాను. ఈసారి తొందరపడలేదు.

"పసుపే సార్. చిట్టచివర్న సూదిమొనంత నలుపు."

ఆయన ఇంకేమీ అడగలేదు. కాగితం కళ్లకు ఆనించినంత దగ్గర పెట్టుకుని, నేను చెప్పింది చెప్పినట్టు వంకర అక్షరాలతో రాసుకుంటూ పోయారు.